ఏ డ్రైవర్ ఏ ఫోల్డర్‌లో: లినక్స్ కెర్నల్ సర్దుడు వెనక లెక్క

లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ‘మోడ్‌ఇన్ఫో ఆర్8169’ అని కొడితే మొదటి లైన్‌లోనే ఒక పొడవాటి దారి కనిపిస్తుంది. లిబ్, మాడ్యూల్స్, కెర్నల్ (హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రామ్‌లనూ కలిపి నడిపే లినక్స్ మూల భాగం) వెర్షన్ నంబరు, దాని తర్వాత కెర్నల్, డ్రైవర్స్, నెట్, ఈథర్‌నెట్, రియల్‌టెక్, చివర ఆర్8169 అనే ఫైలు. నెట్ కేబుల్ గుచ్చే సాకెట్ ఉన్న మదర్‌బోర్డుల్లో చాలా వాటిలో రియల్‌టెక్ చిప్ ఉంటుంది. దాన్ని నడిపే డ్రైవర్ ఇది. ఆ దారిలో ‘డ్రైవర్స్’ అన్న దగ్గర నుంచి చివరిదాకా ఉన్న భాగాన్ని తీసుకెళ్లి లినక్స్ సోర్స్ కోడ్‌లో వెతికితే అవే ఫోల్డర్లు అదే వరుసలో ఎదురవుతాయి. కోడ్ రాసేవాళ్లు తమ పని కోసం చేసుకున్న సర్దుడు మన ఇంట్లో మెషీన్‌లోకి కూడా ఉన్నదున్నట్టు వచ్చి కూర్చుందన్న మాట.

సర్దుడు గురించి ఇంత చెప్పుకోవాలా అనిపించవచ్చు. కానీ 2025 మొదట్లోనే లినక్స్ కెర్నల్ 4 కోట్ల లైన్లు దాటింది. అందులో సగానికి పైగా ‘డ్రైవర్స్’ అనే ఒక్క ఫోల్డర్‌లోనే ఉంది. ఏ ప్రోగ్రామ్‌కి ఎప్పుడు ప్రాసెసర్ ఇవ్వాలో తేల్చే షెడ్యూలర్ కోడ్, మెమరీని పంచే కోడ్ దీని పక్కన పెడితే పిసరంత. ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే 50 లక్షల లైన్లు దాటిపోయింది. అందులో ఎక్కువ భాగం చిప్ లోపలి రిజిస్టర్ల (డ్రైవర్ రాసి, చదివి చిప్‌ని నడిపే చిన్న గళ్ల) పేర్లూ అడ్రసులూ చెప్పే హెడర్ ఫైళ్లే, అవీ మనుషులు కూర్చుని రాసినవి కావు. అయినా ఎవరైనా ఒక తప్పు వెతకాలంటే ఆ అడవిలోనే వెతకాలి.

ఒక యూఎస్‌బీ వైఫై డాంగిల్ తీసుకుందాం. గుచ్చేది యూఎస్‌బీ పోర్టులో. చేసే పని వైఫై. లోపల చిప్ ఒక కంపెనీది, పైన స్టిక్కర్ ఇంకో కంపెనీది. ఆ చిప్‌నే కొద్దిగా మార్చి లాప్‌టాప్ లోపల పీసీఐ స్లాట్‌లో కూడా బిగిస్తారు. దీని డ్రైవర్‌ని యూఎస్‌బీ కింద పెట్టాలా, నెట్‌వర్క్ కింద పెట్టాలా, కంపెనీ పేరు కింద పెట్టాలా, చిప్ పేరు కింద పెట్టాలా? నాలుగూ సబబుగానే కనిపిస్తాయి. లినక్స్ ఈ ముప్పై ఏళ్లలో నాలుగు పద్ధతులూ వాడి చూసింది. ఏ పద్ధతి ఎక్కడ నిలబడిందో, ఎక్కడ బెడిసికొట్టిందో వరసగా చూస్తే ఒక విషయం స్పష్టంగా బయటపడుతుంది. ఆ కోడ్‌ని చదివి తప్పు పట్టగల మనిషి ఎక్కడ ఉంటే డ్రైవర్ చివరికి అక్కడికే చేరుతుంది.

మొదట్లో రెండే అరలు

1991లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన మొదటి వెర్షన్, 0.01, మొత్తం కలిపి 10 వేల లైన్లు. డ్రైవర్లకు వేరే ఫోల్డరే లేదు. హార్డ్‌డిస్క్ కోడ్, కీబోర్డు కోడ్, సీరియల్ పోర్టు కోడ్ అన్నీ ‘కెర్నల్’ అనే ఫోల్డర్‌లో షెడ్యూలర్ పక్కనే ఉండేవి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన 0.11లో మొదటి విభజన కనిపిస్తుంది: ఒకవైపు బ్లాక్ డ్రైవర్లు, ఇంకోవైపు క్యారెక్టర్ డ్రైవర్లు. ఇది పాత ఆపరేటింగ్ సిస్టమ్ యూనిక్స్ నుంచి వచ్చిన ఆస్తి. డిస్కులాగా ముక్కలు ముక్కలుగా, ఎక్కడి నుంచైనా చదవగలిగేవి బ్లాక్. కీబోర్డులాగా ఒక అక్షరం తర్వాత ఒక అక్షరంగా ప్రవహించేవి క్యారెక్టర్.

1994 మార్చిలో 1.0 వచ్చేసరికి కోడ్ 1 లక్షా 76 వేల లైన్లకు పెరిగింది. ‘డ్రైవర్స్’ ఫోల్డర్ అప్పటికే ఏర్పడి ఉంది. లోపల బ్లాక్, క్యారెక్టర్‌తో పాటు నెట్, స్కజీ, సౌండ్ అనే అరలు కూడా. ఇక్కడే పాత విభజన బీటలు వారడం తెలుస్తుంది. నెట్‌వర్క్ కార్డు బ్లాకూ కాదు, క్యారెక్టరూ కాదు. నడుస్తున్న మెషీన్‌లో పరికరాలు ఫైళ్లుగా కనిపించే ‘డెవ్’ ఫోల్డర్‌లో దానికి ఫైలే ఉండదు. స్కజీ అనేది పని పేరు కాదు, డిస్కుల్లాంటివి తీగ మీద మాట్లాడుకునే ఒక పద్ధతి పేరు. సౌండ్ మాత్రం పని పేరు. అంటే ఐదు అరల్లో మూడు రకాల కొలబద్దలు అప్పుడే కలిసిపోయాయి.

ఏ ఇంట్లోనైనా ఎక్కడా ఇమడని సామాన్లన్నీ వెళ్లే అర ఒకటి ఉంటుంది. లినక్స్‌లో చాలా ఏళ్లు ‘క్యారెక్టర్’ ఫోల్డర్ ఆ పని చేసింది. టెర్మినళ్లకు సంబంధించిన కీలకమైన కోడ్ కూడా అక్కడే చిల్లర డ్రైవర్ల మధ్య పడి ఉండేది. 2011లో గానీ దానికి ‘టీటీవై’ అని సొంత ఇల్లు దొరకలేదు. ఆ తరలింపు తర్వాత సీరియల్ పోర్టు డ్రైవర్లు కూడా దాని కిందకే వచ్చి చేరాయి. నిజానికి అవి ఎప్పుడూ ఆ కోడ్ మీదే ఆధారపడి ఉన్నాయి. ఫోల్డర్ దాన్ని ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

తీగ ముఖ్యమా, పని ముఖ్యమా

యూఎస్‌బీ వచ్చినప్పుడు ఈ ప్రశ్న ముదిరింది. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లో యూఎస్‌బీ ఫోల్డర్ తెరిస్తే వెబ్‌క్యామ్, స్కానర్, ప్రింటర్, కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ అడాప్టర్, ఆడియో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. అప్పటికి అది సహజమే. యూఎస్‌బీ కొత్తది, దాన్ని అర్థం చేసుకున్నవాళ్లు కొద్దిమంది. ఏ డ్రైవర్‌లోనైనా కష్టమైన భాగం యూఎస్‌బీతో మాట్లాడడమే. కాబట్టి యూఎస్‌బీ తెలిసినవాళ్ల దగ్గరే అన్నీ పెరిగాయి.

కొన్నేళ్లకు యూఎస్‌బీ అందరికీ అలవాటైన వ్యవహారమైంది. దానితో మాట్లాడే ఫంక్షన్లు కుదురుకున్నాయి. అప్పుడు వెబ్‌క్యామ్ డ్రైవర్‌లో కష్టం ఎక్కడుందంటే వీడియో బఫర్లలో, రంగుల ఫార్మాట్లలో. నెట్‌వర్క్ అడాప్టర్‌లో కష్టం ప్యాకెట్ల క్యూలలో. ఆ సంగతులు తెలిసినవాళ్లు మీడియా విభాగంలో, నెట్‌వర్క్ విభాగంలో ఉన్నారు. 2006, 2007 ప్రాంతంలో డ్రైవర్లు ఒకటొకటిగా యూఎస్‌బీ ఫోల్డర్ ఖాళీ చేసి వెళ్లాయి. వెబ్‌క్యామ్‌లు మీడియాకు, అడాప్టర్లు నెట్‌కు, కీబోర్డులూ మౌస్‌లూ హిడ్ అనే కొత్త ఫోల్డర్‌కు. హిడ్ సంగతి మరీ బాగుంటుంది. కీబోర్డు తన మీటల గురించి కంప్యూటర్‌కి చెప్పుకునే ఆ భాష యూఎస్‌బీతో పుట్టినా, బ్లూటూత్ కీబోర్డులు కూడా అదే భాష మాట్లాడతాయి. తీగే లేని కీబోర్డుకు యూఎస్‌బీ ఫోల్డర్‌లో పనేముంది?

అయితే అన్నీ వెళ్లలేదు. పెన్‌డ్రైవ్ నడిపే స్టోరేజ్ డ్రైవర్, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే అడాప్టర్ల డ్రైవర్లు ఇప్పటికీ యూఎస్‌బీ కిందే ఉన్నాయి. పెన్‌డ్రైవ్ డ్రైవర్‌కి డిస్కు గురించి పెద్దగా తెలియనక్కర్లేదు. పైనుంచి వచ్చిన స్కజీ ఆదేశాన్ని యూఎస్‌బీ పొట్లంలో చుట్టి పంపడం, జవాబు విప్పడం దాని పని. వేల రకాల చవక పెన్‌డ్రైవ్‌లు యూఎస్‌బీ నియమాలను రకరకాలుగా అతిక్రమిస్తాయి, ఆ తప్పుల జాబితాను మోయడమే అసలు భారం. అది యూఎస్‌బీ వాళ్ల నైపుణ్యం, అందుకే అక్కడే ఉంది.

పెన్‌డ్రైవ్ పెట్టగానే దాని పేరు ‘ఎస్‌డీబీ’ అని ఎందుకు వస్తుందో కూడా ఇందులోనే ఉంది. ఆ ‘ఎస్‌డీ’ స్కజీ డిస్క్. సాటా హార్డ్‌డిస్కులకు కూడా అదే పేరు. 2000ల మొదట్లో సాటా డ్రైవర్లు రాసేటప్పుడు అన్నీ మళ్లీ కొత్తగా కట్టకుండా, స్కజీ కోడ్‌లో ఉన్న క్యూలనూ ఎర్రర్ చూసే పద్ధతులనూ వాడుకున్నారు. అందుకే ఆ డ్రైవర్లు ముందు స్కజీ ఫోల్డర్‌లోనే ఉండేవి. 2006 చివర్లో వచ్చిన 2.6.19లో వాటికి ‘ఏటీఏ’ అని వేరే ఫోల్డర్ వచ్చింది. ఇల్లు మారినా పేరు మారలేదు, ఇప్పటికీ ‘ఎస్‌డీఏ’నే. కొత్త రకం వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కులది ఇంకో దారి. అవి స్కజీ మీద ఆధారపడలేదు. బ్లాక్ ఫోల్డర్‌లో ఒక్క ఫైలుగా మొదలై, 2016 జనవరిలో వచ్చిన 4.4లో సొంత ఫోల్డర్‌కు మారాయి. లాప్‌టాప్‌లో డిస్కు పేరు ‘ఎన్‌వీఎంఈ0ఎన్1’ అని ఉంటే, ‘ఎస్‌డీఏ’ అని ఉంటే, ఆ తేడా వెనక ఇదీ కథ.

కంపెనీ పేరు పెట్టిన అరలు

2011 నాటికి నెట్ ఫోల్డర్ పరిస్థితి చూస్తే టెన్షన్ వచ్చేలా ఉండేది. వందల ఫైళ్లు ఏ గుంపూ లేకుండా ఒకేచోట. పాతకాలపు ఐసా స్లాట్ కార్డుల డ్రైవర్లు, డేటా సెంటర్లలో వాడే 10 గిగాబిట్ కార్డుల డ్రైవర్లు, డయలప్ కనెక్షన్‌కి వాడే పీపీపీ లాంటి సాఫ్ట్‌వేర్ ముక్కలు ఒకే వరుసలో. ఇంటెల్‌లో పనిచేసే జెఫ్ కర్షర్ ఆ ఏడాది ఈథర్‌నెట్ (తీగతో నడిచే నెట్‌వర్క్) డ్రైవర్లన్నిటినీ ‘ఈథర్‌నెట్’ అనే కొత్త ఫోల్డర్ కిందకి తెచ్చి, లోపల కంపెనీల పేర్లతో విడగొట్టాడు. 2012 జనవరిలో వచ్చిన 3.2 కెర్నల్ నుంచి ఆ అమరికే నడుస్తోంది.

ఆ పనిలో మెచ్చుకోవాల్సిన జాగ్రత్త ఒకటుంది. కెర్నల్ కంపైల్ చేసేవాళ్లు తమకు ఏ డ్రైవర్లు కావాలో ఒక కాన్ఫిగ్ ఫైల్‌లో దాచుకుంటారు. ఏళ్ల తరబడి అదే ఫైల్‌ని కొత్త వెర్షన్‌కి మోసుకెళ్తారు. ఫోల్డర్లు మారినా డ్రైవర్ల కాన్ఫిగ్ పేర్లను ముట్టుకోలేదు. కొత్తగా ప్రతి కంపెనీకీ ఒక ప్రశ్న చేర్చారు, దానికి జవాబు ముందుగానే ‘అవును’ అని పెట్టారు. ‘ఇంటెల్ కార్డులు కావాలా?’ అన్నదానికి ‘వద్దు’ అంటే ఆ కంపెనీ కార్డుల ప్రశ్నలేవీ అడగదు, అంతే. ఆ ప్రశ్న వల్ల నేరుగా కెర్నల్‌లోకి ఏ కోడూ రాదు, కానీ ‘వద్దు’ అంటే దాని కింది డ్రైవర్లు రావు. పాత కాన్ఫిగ్ ఉన్నవాళ్లకు ఒక్క డ్రైవర్ కూడా గల్లంతు కాకుండా చూడడానికే ఈ ఏర్పాటు. మాడ్యూల్‌ని (విడి ఫైలుగా ఉన్న డ్రైవర్‌ని) లోడ్ చేసే కమాండ్ కూడా ఫోల్డర్ దారి అడగదు, పేరు చాలు. అందుకే ఇంత పెద్ద తరలింపు జరిగినట్టు మామూలు వాడకందార్లకు తెలియనే లేదు.

కంపెనీ పేరు పెట్టడంలో ఇబ్బంది ఏమిటంటే కంపెనీలు అమ్ముడుపోతాయి. పల్లెటూళ్లో ఇల్లు రెండు చేతులు మారినా ఇంకా కరణంగారి మేడ అనే పిలుస్తారు. ఈ ఫోల్డర్లదీ అదే తీరు. ‘డెక్’ అనే ఫోల్డర్ పెట్టేనాటికి ఆ కంపెనీని కాంపాక్ కొనేసి పదమూడేళ్లయింది. ‘3కామ్’ ఫోల్డర్ పెట్టేనాటికి ఆ కంపెనీ హెచ్‌పీ చేతిలోకి వెళ్లి ఏడాది దాటింది. ‘సన్’ని ఒరాకిల్ అప్పటికే కలిపేసుకుంది. తెలిసే ఆ పేర్లు పెట్టారు. మెలనాక్స్‌ని 2020లో ఎన్‌విడియా కొన్నాక కూడా ఫోల్డర్ మెలనాక్స్‌గానే ఉంది. ఇది అలసత్వం అనుకోకూడదు. చిప్ మీద అచ్చయిన పేరు మారదు. పాత కార్డు చేతిలో పట్టుకుని డ్రైవర్ వెతికే మనిషికి ఆ పేరే ఆధారం. పైగా ప్రతి కొనుగోలుకీ ఫోల్డర్ మారిస్తే, పాత కెర్నళ్లకు దిద్దుబాట్లు పంపేవాళ్లకు ప్రతిసారీ దారి తప్పుతుంది.

అదే ఈథర్‌నెట్ ఫోల్డర్‌లో అంకెలతో ఒక వింత పేరు ఉంది: 8390. అది నేషనల్ సెమీకండక్టర్ చేసిన ఒక చిప్ నంబరు. దాని చుట్టూ నోవెల్ కంపెనీ ఎన్ఈ2000 అనే కార్డు తెచ్చింది. తర్వాత ఎంతమంది దాన్ని నకలు చేశారంటే 1990ల్లో చవక నెట్‌వర్క్ కార్డు అంటే ఎన్ఈ2000 నకలే. దాన్ని ఏ కంపెనీ కింద పెట్టాలి? చిప్ చేసినవాడి కిందా, కార్డు తెచ్చినవాడి కిందా, నకలు కొట్టినవాళ్ల కిందా? అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ చిప్ లోపలి రిజిస్టర్లే. ఆ రిజిస్టర్లతో మాట్లాడే కోడ్ ఒకచోట, ఐసా కార్డుకు ఒక చిన్న ఫైలు, పీసీఐ కార్డుకు ఇంకో చిన్న ఫైలు. ఇక్కడ కంపెనీ అనే కొలబద్ద పనికి రాలేదు కాబట్టి చిప్ పేరు పెట్టారు, సరిగ్గానే చేశారు.

లినక్స్‌లో మినహాయింపుగా జరిగిన ఈ పనిని నెట్‌బీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి నుంచీ పద్ధతిగా పెట్టుకుంది. అక్కడ సోర్స్ కోడ్‌లోని ‘డెవ్’ ఫోల్డర్‌లో ‘ఐసీ’ అనే అర ఉంటుంది. చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే కోడ్ అంతా అక్కడ. ఆ చిప్ పీసీఐలో దొరికితే దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పే చిన్న ఫైలు ‘పీసీఐ’ అరలో, ఐసాలో దొరికితే ‘ఐసా’ అరలో. ఎన్ఈ2000 కోడ్ ‘ఐసీ’లో ఒకటే, తగిలించే ఫైళ్లు మాత్రం పీసీఐకొకటి, ఐసాకొకటి. రకరకాల ప్రాసెసర్ల మీద నడవాలన్న పట్టుదల ఉన్న సిస్టమ్‌కి ఇది చక్కగా నప్పింది. డిజైన్‌గా చూస్తే లినక్స్ కన్నా ఇదే శుభ్రంగా ఉంటుందనడంలో సందేహం లేదు. కానీ ఒక డ్రైవర్ చదవాలంటే రెండు మూడు ఫోల్డర్లు తిరగాలి. దాని చుట్టమైన ఫ్రీబీఎస్‌డీలో మామూలుగా ఒక్కో డ్రైవర్‌కి ‘డెవ్’ కింద ఒక్కో ఫోల్డర్, కంపెనీ గొడవ లేదు, కానీ ఆ ఫోల్డర్ల వరుస చాంతాడంత.

వాకిట్లో కూర్చున్న మనిషి

ఫోల్డర్ ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే సోర్స్ కోడ్ పైవరుసలోనే ఉండే ‘మెయింటెయినర్స్’ అనే ఫైలు చూడాలి. 20 వేల లైన్లు దాటిన ఈ ఫైల్‌లో ప్రతి విభాగానికీ ఒక చిన్న పేరా ఉంటుంది. ఎవరు చూస్తారు, ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పుల పొట్లం) ఏ మెయిలింగ్ లిస్టుకి పంపాలి, పరిస్థితి ఏమిటి, ఏ ఫోల్డర్లు దీని కిందకి వస్తాయి. పరిస్థితి అన్నచోట ‘జీతం తీసుకుని చూస్తున్నారు’ అని అర్థం వచ్చే మాట నుంచి ‘అనాథ’ అనే మాట దాకా ఉంటాయి. ఎవరైనా ఒక ఫైల్‌లో మార్పు చేస్తే, ఒక స్క్రిప్టు ఆ మార్పును చూసి, దారిని బట్టి ఎవరికి మెయిల్ పంపాలో జాబితా ఇస్తుంది. ఆ పేర్లు ఎక్కువగా ఫోల్డర్‌ని బట్టే వస్తాయి.

కాబట్టి డ్రైవర్‌ని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న, దాన్ని ఎవరు చదవాలి, ఎవరి నియమాలు వర్తించాలి అన్న ప్రశ్నే. దీనికి హబానా ల్యాబ్స్ ఉదంతం కన్నా మంచి ఉదాహరణ లేదు. ఏఐ లెక్కలు చేసే చిప్‌లు తయారుచేసే ఈ ఇజ్రాయెల్ కంపెనీ డ్రైవర్ 2019లో 5.1 కెర్నల్‌లోకి వచ్చింది, అదీ ‘మిస్క్’ అనే ఫోల్డర్‌లోకి. ఎక్కడా ఇమడనివి వెళ్లే అర అది. ఆ చిప్ చేసే పని చూస్తే గ్రాఫిక్స్ చిప్‌కి దగ్గర చుట్టం: మెమరీ పంచాలి, పనుల వరుస నడపాలి, బయటి ప్రోగ్రామ్‌లకు ఇంటర్‌ఫేస్ ఇవ్వాలి. కానీ గ్రాఫిక్స్ విభాగంలో ఒక కఠినమైన నియమం ఉంది. డ్రైవర్‌ని వాడుకునే యూజర్ వైపు సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్‌గా ఉండాలి. లేకపోతే ఆ ఇంటర్‌ఫేస్ సరైనదో కాదో బయటివాళ్లు తేల్చలేరు, పైగా ఒకసారి ఇచ్చిన ఇంటర్‌ఫేస్‌ని ఎప్పటికీ మోయాలి. ‘మిస్క్’లో ఆ నియమం లేదు. గ్రాఫిక్స్ మెయింటెయినర్లు దీనికి గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఒకే రకమైన చిప్‌కి పక్క వాకిలి తెరిచి ఉంటే ముందు వాకిట్లో పెట్టిన నియమానికి విలువేముంటుందన్నది వాళ్ల వాదన సారం.

అది న్యాయమైన వాదనే. చివరికి 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2లో ‘యాక్సెల్’ అనే కొత్త విభాగం పుట్టింది. గ్రాఫిక్స్ కోడ్‌లోని ఉమ్మడి భాగాలను వాడుకుంటూ, వాళ్ల చేతుల మీదుగానే నడిచే విభాగం. హబానా డ్రైవర్ ఆ ఏడాదే ‘మిస్క్’ వదిలి అక్కడికి మారింది. ఫోల్డర్ పేరు మారితే కోడ్‌లో మారేది కొన్ని లైన్లే. కానీ తర్వాత వచ్చే ప్రతి ఏఐ చిప్ కంపెనీకీ ఎవరి ముందు నిలబడి జవాబు చెప్పాలో అప్పుడు ఖాయమైంది.

స్టేజింగ్, ఒక కంపెనీ మూట విప్పిన తీరు

కొత్తగా వచ్చే డ్రైవర్లు చాలావరకు కంపెనీల్లో హడావుడిగా రాసినవి. పని చేస్తాయి, కానీ కెర్నల్ పద్ధతులు పాటించవు. వాటిని పూర్తిగా తిరగ్గొడితే కార్డు కొన్నవాళ్లు నష్టపోతారు, అలాగే తీసుకుంటే మెయింటెయినర్లు నష్టపోతారు. కెర్నల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ దీనికి ‘స్టేజింగ్’ అనే ఫోల్డర్ తెచ్చాడు, 2008 డిసెంబరులో వచ్చిన 2.6.28లో. అందులో ఉన్న డ్రైవర్ ఇంకేం బాగుపడాలో ఒక జాబితా ఫైలు రాసి పక్కన పెట్టాలి. ఆ ఫోల్డర్ నుంచి డ్రైవర్ లోడ్ అయితే కెర్నల్ తన మీద తానే ఒక మచ్చ వేసుకుంటుంది. తర్వాత ఎక్కడ క్రాష్ అయినా రిపోర్టులో ‘సి’ అనే అక్షరం కనిపిస్తుంది, చదివేవాళ్లకు ముందే హెచ్చరిక. ఎవరూ పట్టించుకోకుండా పడి ఉంటే డ్రైవర్‌ని తీసేస్తారు కూడా.

2009లో మైక్రోసాఫ్ట్ తన హైపర్-వి డ్రైవర్లు, సుమారు 20 వేల లైన్లు, లినక్స్‌కి ఇచ్చింది. విండోస్ సర్వర్ మీద వర్చువల్ మెషీన్‌గా లినక్స్ నడవాలంటే అవి కావాలి. అన్నీ కలిపి ఒకే మూటగా స్టేజింగ్‌లోకి వచ్చాయి. కంపెనీ దృష్టిలో అది ఒకే ప్రాడక్టు కాబట్టి ఒకే ఫోల్డర్. రెండు మూడేళ్ల పాటు కోడ్ బాగుచేసి బయటికి తెచ్చేటప్పుడు ఆ మూట విప్పారు. వర్చువల్ మెషీన్‌కీ హోస్ట్‌కీ మధ్య సందేశాలు మోసే మూల భాగం ‘హెచ్‌వి’ అనే సొంత ఫోల్డర్‌కు వెళ్లింది. డిస్కు డ్రైవర్ స్కజీకి. నెట్‌వర్క్ డ్రైవర్ నెట్‌కి. మౌస్ డ్రైవర్ హిడ్‌కి. తర్వాత వచ్చిన పీసీఐ భాగం పీసీఐకి.

కంపెనీకి ఇది ఇబ్బందిగా కనిపించవచ్చు: ఒక మార్పు చేయాలంటే నలుగురు మెయింటెయినర్లతో మాట్లాడాలి. కానీ ఆ డిస్కు డ్రైవర్‌లో టైమౌట్ తప్పుగా రాస్తే పట్టుకోగలిగేది స్కజీ వాళ్లే. నెట్‌వర్క్ కోడ్‌లో ఒక ఫంక్షన్ మారిస్తే, ఆ ఫంక్షన్ వాడే డ్రైవర్లన్నీ నెట్ ఫోల్డర్ కింద ఉంటే ఒక్క వెతుకులాటలో దొరుకుతాయి. మూట విప్పడం వల్ల మైక్రోసాఫ్ట్‌కి కొంత శ్రమ పెరిగింది, ఆ డ్రైవర్ మీద నమ్మకం అంతకన్నా ఎక్కువ పెరిగింది.

అన్నీ ఒకే చెట్టుకి ఎందుకు

విండోస్‌లో కంపెనీ తన డ్రైవర్‌ని విడిగా చేసి విడిగా పంచుతుంది. లినక్స్ అన్నీ తన సోర్స్ కోడ్ చెట్టు లోపలే ఉండాలంటుంది. కారణం సూటిగానే ఉంది. కెర్నల్ లోపల ఒక భాగం ఇంకో భాగాన్ని పిలిచే పద్ధతి ఎప్పుడైనా మారవచ్చు, స్థిరంగా ఉంచుతామని ఎవరూ మాట ఇవ్వలేదు. అలా మార్చినవాళ్లే, దాన్ని వాడే డ్రైవర్లన్నిటినీ అదే ప్యాచ్‌లో దిద్దాలి. దిద్దాలంటే అవన్నీ కళ్ల ముందు ఉండాలి. బయట ఉన్న డ్రైవర్ ప్రతి కొత్త వెర్షన్‌కీ విరుగుతూ ఉంటుంది, దాన్ని దిద్దుకునే భారం రాసినవాళ్లదే.

చెట్టు లోపలే ఉన్నా చోటు తప్పితే ఏమవుతుందో ఫోన్లలో ఉండే ప్రాసెసర్ రకం ఏఆర్ఎం చూపించింది. ఒక్కో ఫోన్ చిప్‌కీ ఒక్కో ఫోల్డర్, ఒక్కో బోర్డుకీ ఒక్కో సీ ఫైలు, వాటిలోనే క్లాకులు, పిన్నులు, ఇంటరప్టులు నడిపే డ్రైవర్లు. అవన్నీ ప్రాసెసర్ కోడ్ ఉండే ‘ఆర్చ్’ ఫోల్డర్‌లో, చిప్ కంపెనీ మనుషుల చేతుల్లో. పది కంపెనీలు ఒకే సమస్యను పది రకాలుగా పరిష్కరించాయి, ఎవరి కోడ్ ఎవరూ చదవలేదు. 2011లో టోర్వాల్డ్స్ కోపంగా మెయిల్ రాశాకే కదలిక వచ్చింది. క్లాకులకు, పిన్నులకు, ఇంటరప్టులకు ‘డ్రైవర్స్’ కింద ఉమ్మడి విభాగాలు ఏర్పడ్డాయి. బోర్డు వివరాలు డివైస్ ట్రీ అనే డేటా ఫైళ్లకు మారాయి. ఆ ఫైళ్లు మళ్లీ ఒకే ఫోల్డర్‌లో వెయ్యికి పైగా పేరుకుపోయి, 2023లో 6.5 వెర్షన్‌కి కంపెనీల వారీగా సర్దారు.

కొన్నిచోట్ల వరుసకు ఇంకో అర్థం కూడా ఉంటుంది. ‘డ్రైవర్స్’ ఫోల్డర్‌లోని మేక్‌ఫైల్ (ఏ ఫోల్డర్లను ఏ వరుసలో కలపాలో చెప్పే ఫైలు) తెరిస్తే ఒక కామెంట్ కనిపిస్తుంది: గ్రాఫిక్స్ ఫోల్డర్ క్యారెక్టర్ ఫోల్డర్ తర్వాతే రావాలి, పాత గ్రాఫిక్స్ కార్డుల స్లాట్ అయిన ఏజీపీ కోడ్ ముందు లేవాలి కాబట్టి. కెర్నల్‌లోనే కలిపేసిన డ్రైవర్లలో, ఒకే దశకు చెందినవి లింక్ చేసిన వరుసలోనే మొదలవుతాయి. అక్కడ రెండు లైన్లు అటూఇటూ చేస్తే కొన్ని మెషీన్లలో స్క్రీన్ రాకపోవచ్చు. ఇలాంటి ఆధారపడడాలను ఫైలు వరుసలో దాచడం మంచి పద్ధతి కాదు. తొలి రోజుల్లో తోచిన తేలిక దారి అలా ఉండిపోయింది.

ఫైల్ కదిలించడానికీ ఒక ఖర్చు ఉంటుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ పేరు మార్పును గుర్తు పెట్టుకోదు, రెండు ఫైళ్ల పోలికను బట్టి ఊహిస్తుంది. సగం కన్నా ఎక్కువ పోలిక ఉంటేనే మామూలుగా ‘ఇది అదే’ అంటుంది. కాబట్టి తెలిసినవాళ్లు తరలింపు ఒక ప్యాచ్‌గా, కోడ్ మార్పులు ఇంకో ప్యాచ్‌గా పంపుతారు. రెండూ కలిపేస్తే చరిత్ర అక్కడితో తెగిపోతుంది, పదేళ్ల కిందట ఒక వింత లైను ఎందుకు రాశారో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు కెర్నల్‌లోకి రస్ట్ భాష వచ్చింది. రస్ట్‌లో రాసిన డ్రైవర్లన్నిటికీ ఒక ఫోల్డర్ పెట్టడం తేలికగా ఉండేది. కంపైలర్ వేరు, టూల్స్ వేరు, రాసేవాళ్లు కూడా చాలావరకు కొత్తవాళ్లు. 2024 మార్చిలో వచ్చిన 6.8లో ఒక నెట్‌వర్క్ ఫై చిప్‌కి (తీగ మీది సిగ్నల్‌ని చూసుకునే చిప్) రస్ట్ డ్రైవర్ చేరింది. అదే చిప్‌కి సీ భాషలో డ్రైవర్ అప్పటికే ఉంది. రెండూ ఇప్పుడు నెట్, ఫై ఫోల్డర్‌లో పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి ‘ఏఎక్స్88796బి’, ఇంకోటి అదే పేరు చివర ‘రస్ట్’ అని. కెర్నల్ సెట్ చేసుకునేవాళ్లు రెండిట్లో ఏది కావాలో ఎంచుకోవచ్చు, ఆ చిప్ గురించి తెలిసిన ఫై మెయింటెయినర్లకు రెండు ఫైళ్ల మీదా ప్యాచ్‌లు వెళ్తాయి.